పిల్లల హోముల సిబ్బంది, కోవిడ్, బర్నౌట్: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఒక జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో సోషల్ వర్కర్‌ని. కోవిడ్ రెండేళ్ళూ ఫీల్డ్‌లోనే గడిచాయి. ఆ తర్వాత మావాళ్ళ ట్రైనింగుల్లో, టీ బ్రేకుల్లో, రాత్రి పదింటికి వచ్చే ఫోన్లలో పదే పదే ఎదురైన ప్రశ్నలివి. ఆయాలు అడిగినవి ఉన్నాయి, వాళ్ళ భర్తలు అడిగినవి ఉన్నాయి, ఒకటి రెండు ఆఫీసర్లు అడిగినవీ ఉన్నాయి. జవాబులు మాత్రం నావే. నేను డాక్టర్‌ని కాను కాబట్టి మందుల జోలికి పోలేదు.

ప్రశ్న: ఫోస్టర్ కేర్ వర్కర్లు అంటారు కదా, మన దగ్గర అసలు అలాంటివాళ్ళు ఉన్నారా?

అమెరికాలో ఈ మాటకి అర్థం సూటిగా ఉంటుంది. సొంత ఇంట్లో క్షేమంగా ఉండలేని పిల్లల్ని ప్రభుత్వం వేరే కుటుంబంలో పెడుతుంది, ఆ పిల్లల బాగోగులు ఒక కేస్‌వర్కర్ చూసుకుంటారు. మన జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 కూడా 44వ సెక్షన్‌లో ఫోస్టర్ కేర్‌కి చోటిచ్చింది. ఆచరణలో మాత్రం అది చాలా తక్కువ. పెంచుకోవడం అనగానే మనకి దత్తతే గుర్తొస్తుంది. కొన్నాళ్ళు పెంచి మళ్ళీ వాళ్ళింటికి పంపేయాలి అంటే, "అదేంటండీ, పెంచిన ప్రాణం ఊరుకుంటుందా" అంటారు.

అందుకని మన పిల్లలు ఎక్కువగా హోముల్లో ఉంటారు. ప్రభుత్వ బాలసదనాలు, శిశుగృహాలు, హైదరాబాద్‌లో శిశువిహార్, స్వచ్ఛంద సంస్థలు నడిపే హోములు. లేదంటే అమ్మమ్మ దగ్గరో మేనమామ దగ్గరో ఉంటారు. కాబట్టి ఇక్కడ నేను మాట్లాడేది ఆయాలు, హౌస్ మదర్లు, వంటమనుషులు, వాచ్‌మన్లు, సూపరింటెండెంట్లు, కౌన్సిలర్ల గురించి, బయట ఊళ్ళు తిరిగే మాలాంటి సోషల్ వర్కర్లు, అవుట్‌రీచ్ వర్కర్లు, ఆపదలో ఉన్న పిల్లల కోసం ఉన్న 1098 ఫోన్ నెంబరు టీముల గురించి. వీళ్ళలో చాలామందివి కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ ఉద్యోగాలు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, కింద చాలాసార్లు అవసరమవుతుంది.

ప్రశ్న: బర్నౌట్ అంటే అలసటే కదా? దానికి ఇంగ్లీషు పేరెందుకు?

అలసట అయితే ఒక ఆదివారం పడుకుంటే పోతుంది. ఇది పోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా పదకొండో కూర్పులో దీన్ని ప్రస్తావించింది. జబ్బుగా కాదు, ఉద్యోగం వల్ల వచ్చే స్థితిగా. దానికి మూడు గుర్తులు చెప్పింది. ఒంట్లో శక్తి పూర్తిగా ఇంకిపోవడం, చేసే పని మీద విరక్తో వెటకారమో పెరగడం, నేను చేసేది ఎందుకూ పనికిరావడం లేదనిపించడం. మొదటిది అందరికీ కనిపిస్తుంది. రెండోదాన్ని చూసి "ఈవిడకి పొగరెక్కింది" అంటారు. మూడోది మనిషి లోపలే ఉండిపోతుంది.

ఈ మాట ఎక్కడ పుట్టిందో తెలిస్తే మనవాళ్ళకి నవ్వొస్తుంది. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు 1974లో దీని మీద వ్యాసం రాశాడు. ఆయన చూసింది కార్పొరేట్ ఆఫీసుల్ని కాదు, న్యూయార్క్‌లో పేదల కోసం నడిచే ఉచిత క్లినిక్‌ని. అక్కడ పగలు ఉద్యోగం చేసి, సాయంత్రం వచ్చి ఊరికే పనిచేసేవాళ్ళే కొన్ని నెలలకి మాడిన బల్బుల్లా అయిపోవడం ఆయన గమనించాడు, అందులో తనూ ఉన్నాడు. అంటే ఈ పేరు మొట్టమొదట పెట్టింది సేవ చేసేవాళ్ళకే. ఆ తర్వాత క్రిస్టినా మాస్లాక్ అనే పరిశోధకురాలు దీన్ని కొలవడానికి 1981లో ఒక ప్రశ్నావళి తయారుచేసింది. ఇప్పటికీ వాడుతున్నారు.

ప్రశ్న: లాక్‌డౌన్‌లో అందరికీ కష్టమే కదా. మీకు ప్రత్యేకంగా ఏం జరిగింది?

2020 మార్చి 25న దేశమంతా మూతపడింది. హోము మూతపడదు. యాభైమంది పిల్లలకి పొద్దున్నే ఉప్మా కావాలి. బస్సుల్లేవు కాబట్టి రోజూ వచ్చి వెళ్ళే సిబ్బంది రాలేరు, వస్తే బయటి జబ్బు లోపలికి తెస్తారని భయం. దాంతో చాలాచోట్ల ఎవరు లోపల ఉన్నారో వాళ్ళే ఉండిపోయారు. పద్నాలుగు రోజులు ఒక బ్యాచ్, తర్వాత ఇంకో బ్యాచ్ అని రోస్టర్ వేసుకున్నారు. రెండో బ్యాచ్‌లో ఎవరికైనా పాజిటివ్ వస్తే మొదటి బ్యాచ్‌కే ఇంకో పద్నాలుగు రోజులు.

నాకు బాగా తెలిసిన ఒక ఆయా ఉంది. ఆవిడ కొడుక్కి అప్పుడు ఆరేళ్ళు, అత్తగారి దగ్గర వదిలింది. రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్ చేసేది. చిన్నపిల్లలకి ఫోన్ వెలుగు కనిపిస్తే ఆగరు కదా, నలుగురైదుగురు ఆవిడ భుజాల మీదుగా తొంగిచూస్తూ, "అమ్మా, అన్న ఎవరమ్మా" అని అడిగేవాళ్ళు. మూడోరోజు ఆ పిల్లాడు అటునుంచి, "నిన్ను వాళ్ళెందుకు అమ్మా అంటున్నారు" అని ఫోన్ కట్ చేశాడు. ఆ తర్వాత వారం రోజులు వాడు ఫోన్‌కి రాలేదు. ఆవిడ పొద్దున లేచి ఇరవైమందికి తలలు దువ్వింది, థర్మామీటర్ పెట్టి జ్వరాలు రాసింది, అన్నం వడ్డించింది. ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పింది కూడా ఏడాది తర్వాత, వేరే మాటల మధ్యలో.

ప్రశ్న: సుప్రీంకోర్టు చాలామంది పిల్లల్ని ఇళ్ళకి పంపించమందిగా? పని తగ్గి ఉండాలే.

బయటినుంచి అలాగే కనిపిస్తుంది. 2020 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానుగా కేసు చేపట్టి ఆదేశాలిచ్చింది. హోముల్లో గుంపు తగ్గించాలి, క్షేమంగా ఉంటారనుకున్న పిల్లల్ని కుటుంబాల దగ్గరికి పంపే విషయం జిల్లాల్లో పిల్లల కేసులు తేల్చే బాలల సంక్షేమ సమితులు చూడాలి, పంపినవాళ్ళ బాగోగులు ఫోన్లో కనుక్కుంటూ ఉండాలి. లాక్‌డౌన్ మొదలయ్యేనాటికి దేశంలో హోముల్లో ఉన్న పిల్లలు 2,27,518 మంది అనీ, వాళ్ళలో 1,45,788 మందిని ఇళ్ళకి పంపారనీ అదే ఏడాది డిసెంబరులో కోర్టు ముందుకు లెక్క వచ్చింది. అంటే నూటికి అరవైమందికి పైనే. ఇంటికెళ్ళిన పిల్లల చదువు కోసం నెలకి 2,000 రూపాయలు ఇవ్వమని కోర్టు అప్పుడే చెప్పింది.

ఆ ఆదేశం తప్పని నేను అనను. ఆ సమయంలో చేయాల్సిందే. కానీ మామూలుగా ఒక పిల్లని ఇంటికి పంపాలంటే ఇల్లు చూసి, చుట్టుపక్కల అడిగి, ఆ కుటుంబంతో రెండు మూడుసార్లు కూర్చుని, నెలలు పట్టే పని. అది రోజుల్లో జరిగింది. ఆ ఇంట్లో పనుల్లేవు, తిండికి కటకట. మే మొదటి వారంలో మద్యం షాపులు తెరిచాక కొన్ని ఇళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. పిల్లలకి దెబ్బ తగిలితే పట్టుకునే బడి టీచరు లేదు, అంగన్‌వాడీ తలుపు మూసుంది. చూసే కళ్ళన్నీ ఒక్కసారి మూసుకున్నాయి, మిగిలింది నా ఫోను.

ఫోన్ ఎవరిది? తండ్రిది. స్పీకర్‌లో ఉంటుంది. "ఎలా ఉన్నావమ్మా" అంటే "బాగున్నాను మేడమ్" అంటుంది. ఇంకేమంటుంది? పదమూడేళ్ళ ఒక అమ్మాయిని పంపేముందు నేను ఒక గుర్తు పెట్టుకున్నాను. ఎండాకాలం కదా, "ఆవకాయ పెట్టారా" అని అడుగుతాను, అంతా బాగుంటే "పెట్టాం" అను, ఇబ్బంది ఉంటే "పెట్టలేదు" అను అని. మూడుసార్లు "పెట్టాం మేడమ్" అంది. నాలుగోసారి, "ఈ ఏడు ఇంక పెట్టరంట మేడమ్" అంది.

ఆ ఊరు కంటైన్‌మెంట్ జోన్‌లో ఉంది. పాస్ కోసం రెండు రోజులు పట్టింది. వెళ్ళేసరికి నిశ్చయ తాంబూలాలు అయిపోయాయి, పెళ్ళి ఆ ఆదివారమే. పెళ్ళి ఆపాం, అమ్మాయిని మళ్ళీ హోముకి తెచ్చాం. కథగా చెబితే గెలిచినట్టే ఉంటుంది. నన్ను తినేసింది ఆ రెండు రోజులు. జరగబోయేది తెలుసు, ఏం చేయాలో తెలుసు, చట్టం మన వైపే ఉంది, కదలడానికి లేదు. మా పనిలో మనిషిని అరగదీసేది పిల్లల కష్టం అనుకుంటారు అందరూ. కష్టాలు చూడటానికి తయారయ్యే వచ్చాం. చేతులు కట్టేసి చూస్తూ ఉండమంటేనే తట్టుకోలేం.

ప్రశ్న: రెండో వేవ్ అంతకన్నా ఘోరమంటారు. ఎందుకు?

మొదటి ఏడాది భయం ఎక్కువ, చావులు తక్కువ. 2021 ఏప్రిల్, మేల్లో భయపడటానికి కూడా టైమ్ లేదు. ఒకే వారంలో తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన ఇళ్ళు చూశాం. ఇద్దరూ ఆసుపత్రిలో ఉంటే పిల్లలు పక్కింటివాళ్ళ వరండాలో ఉన్న ఇళ్ళు చూశాం. పాజిటివ్ వచ్చిన ఇంట్లో పిల్లల్ని ఎవరు ముట్టుకుంటారు? బంధువులు గేటు బయట నిలబడి బిస్కెట్ ప్యాకెట్లు లోపలికి విసిరారు. వాళ్ళని తప్పుపట్టడానికి కూడా నాకు నోరు రాలేదు.

అప్పుడే వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరిగింది. రెండు నెలల పాప, రెండేళ్ళ బాబు, అమ్మానాన్న కోవిడ్‌తో పోయారు, పెంచుకునేవాళ్ళు ఈ నెంబరుకి ఫోన్ చేయండి అని. ఇలాంటివి దేశమంతా తిరిగాయి, చాలావాటి వెనక పిల్లలే లేరు. అలా నేరుగా పిల్లల్ని ఇవ్వడం, తీసుకోవడం జువెనైల్ జస్టిస్ చట్టం 80వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ళ దాకా జైలు ఉంటుంది. మా జిల్లాలో తిరిగిన మెసేజ్‌లో ఎవరో పుణ్యాత్ములు నా నెంబరు పెట్టారు. మూడు రోజులు ఫోన్ కింద పెట్టలేదు. నిజంగా పిల్లల కోసం ఏళ్ళుగా ఎదురుచూస్తున్నవాళ్ళు ఏడ్చారు. ఒకాయన మాత్రం, "పాప తెల్లగా ఉంటుందా అండీ" అని అడిగాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ తర్వాత పథకాలొచ్చాయి. తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయిన పిల్లల పేర 10 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మేలో ప్రకటించింది. మే 29న కేంద్రం పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ ప్రకటించింది, దాంట్లో పిల్లలకి 23 ఏళ్ళు వచ్చేసరికి 10 లక్షలు అందుతాయి. మంచివే, చాలా కుటుంబాలు నిలబడ్డాయి. ఆ కాగితాలు తెచ్చే పని ఎవరిది? మాది. జాతీయ బాలల హక్కుల కమిషన్ వారి బాల్ స్వరాజ్ పోర్టల్‌లో ప్రతి పిల్ల వివరాలూ ఎక్కించాలి. 2022 జనవరిలో ఆ కమిషన్ సుప్రీంకోర్టుకి చెప్పిన లెక్క ప్రకారం, 2020 ఏప్రిల్ నుంచి అప్పటిదాకా ఏ కారణంతోనైనా ఇద్దరినీ కోల్పోయినవాళ్ళు 10,094 మంది, ఒకరిని కోల్పోయినవాళ్ళు 1,36,910 మంది. ఒక్కో అంకె వెనకా ఎవరో ఒక సోషల్ వర్కర్ ఒక గడప ఎక్కింది.

నేను ఎక్కిన గడపల్లో ఒకచోట పదకొండో రోజు జరుగుతోంది. పదేళ్ళ పిల్లాడు, గుండు చేయించి ఉన్నారు, నుదుటి మీద విభూతి ఇంకా తడిగా ఉంది. సాయంత్రం ఐదింటిలోగా అప్‌లోడ్ చేయకపోతే ఊరుకునేది లేదని పైనుంచి మెసేజ్. వాడిని పక్కకి పిలిచి, "నాన్నా, మీ అమ్మ ఆధార్ ఎక్కడుందో తెలుసా" అని అడిగాను. వాడు లోపలికెళ్ళి అమ్మ హ్యాండ్‌బ్యాగ్ మొత్తం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ప్రశ్న: నాకు ఏడుపు రావడం లేదు. అసలు ఏమీ అనిపించడం లేదు. నేను బాగున్నట్టేనా?

ఇది మా ట్రైనింగుల్లో గదిలో ఎవరూ అడగరు. అయిపోయాక చెప్పులు వేసుకునేచోట ఆగి అడుగుతారు.

అంత బాగున్నట్టు కాదు. మొద్దుబారడం కూడా ఒక గుర్తే. పిల్ల ఏం జరిగిందో చెబుతుంటే మీరు ఫారంలో ఏ గడి నింపాలా అని చూస్తున్నారంటే, పిల్ల పేరు మర్చిపోయి "ఆ పోక్సో కేసు" అంటున్నారంటే, సోమవారం పొద్దున బస్సు తప్పిపోతే లోపల చిన్న సంతోషం కలుగుతుంటే, మనసు తనని తాను కాపాడుకోవడానికి షట్టర్ దించేసిందని అర్థం. రాయిగా మారిపోయారని కాదు. నాకు అది 2021 ఆగస్టులో తెలిసింది. మా ఇంట్లో మా అమ్మాయి పడి మోకాలు చీరుకుని ఏడుస్తుంటే, "ఎక్కడ, ఎప్పుడు, ఎవరున్నారు పక్కన" అని రిపోర్టు రాసుకునే గొంతుతో అడిగాను. మా ఆయన నావైపు చూసిన చూపు మర్చిపోలేను.

ప్రశ్న: పిల్లలకి జరిగినవి నాకు కలలో వస్తున్నాయి. నాకేం జరగలేదు కదా?

వినడం కూడా జరగడంలాంటిదే. ఇతరుల గాయాలు పదే పదే వినేవాళ్ళకి, ఆ గాయపడినవాళ్ళకి వచ్చే లక్షణాలే రావచ్చు. పీడకలలు, ఉలికిపాటు, ఫలానా వీధిలోంచి వెళ్ళాలంటే భయం, సొంత పిల్లల్ని ఎవరి దగ్గరా వదలలేకపోవడం. బర్నౌట్ నెలల తరబడి మెల్లగా పేరుకుంటుంది, ఇది ఒక్క కేసుతో కూడా రావచ్చు. రెండూ కలిసి ఉండటం మామూలే. కలలు వారాల తరబడి ఆగకపోతే, నిద్ర పూర్తిగా పోతే కౌన్సిలర్‌ని కాదు, సైకియాట్రిస్టుని కలవండి. జిల్లా ఆసుపత్రుల్లో ఉంటారు.

ప్రశ్న: పిల్లల మీద అరిచేశాను. ఒకసారి చెయ్యి కూడా లేచింది. నేను ఈ పనికి తగనా?

రెండింటినీ వేరుగా చూద్దాం. అరిచినందుకు ఆ పిల్ల దగ్గరికెళ్ళి, "తప్పు నాదమ్మా, నీది కాదు" అని చెప్పండి. హోము పిల్లలకి పెద్దవాళ్ళు అరవడం కొత్తేమీ కాదు, పెద్దవాళ్ళు క్షమాపణ అడగడమే కొత్త.

చెయ్యి చేసుకోవడం మాత్రం ఎంత అలసటలోనైనా కుదరదు. హోముల్లో పిల్లల్ని కొట్టడం అదే జువెనైల్ జస్టిస్ చట్టం 82వ సెక్షన్ కింద శిక్షార్హం, మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా. చట్టం సంగతి అలా ఉంచి, చెయ్యి లేచిందంటే మీరు ఆ రోజే పని ఆపి, ఎవరికో ఒకరికి డ్యూటీ అప్పగించాల్సిన స్థితిలో ఉన్నారని అర్థం. అప్పగించడానికి రెండో మనిషి లేకపోవడం మీ తప్పు కాదు. చెప్పకుండా దాచడం మాత్రం మీ తప్పే అవుతుంది. సూపరింటెండెంట్‌కి చెప్పండి. ఉద్యోగం పోతుందని భయం ఉంటుంది, తెలుసు. దాచిపెట్టింది పిల్ల నోటినుంచి బయటికొస్తే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు.

ప్రశ్న: సేవ చేసేవాళ్ళకి స్ట్రెస్ ఏంటండీ? పుణ్యం వస్తుంది కదా.

ఈ ప్రశ్న అడిగింది ఒక దాత. పుట్టినరోజుకి పిల్లలకి కేకు తెచ్చాడు. మంచివాడే.

మా పని గురించి ఎవరు పొగిడినా ఈ రెండు మాటలే వాడతారు, సేవ, పుణ్యం. ఆ మాటలు ఎంత తియ్యగా ఉంటాయో అంత ఖరీదు. సేవకి డ్యూటీ టైమ్ ఉండదు. పుణ్యానికి ఓవర్‌టైమ్ అడగకూడదు. మూడు నెలలు జీతం పడలేదంటే, "డబ్బు కోసమా చేస్తున్నాం" అని మనలోనే ఎవరో అంటారు. కోవిడ్‌లో డాక్టర్లకి చప్పట్లు కొట్టారు, పోలీసుల మీద పూలు చల్లారు, బావుంది. ఆయాకి మాస్కులు ఎవరిచ్చారు? ఒక హోములో పిల్లల కోసం వచ్చిన గుడ్డ మాస్కుల్లో చిరిగినవి కుట్టుకుని పెట్టుకున్నారు వాళ్ళు.

నేను ఇప్పుడు ట్రైనింగ్ మొదట్లోనే చెబుతాను, ఈ రెండు రోజులూ ఈ గదిలో సేవ అనే మాట వాడొద్దు, ఉద్యోగం అనండి అని. మొదట గంటసేపు అందరూ తడబడతారు. తర్వాత అప్పటిదాకా ఎవరూ ఎత్తని విషయాలు బయటికొస్తాయి. పీఎఫ్ కట్టడం లేదని, నైట్ డ్యూటీలో పడుకోవడానికి మంచం లేదని, ప్రసూతి సెలవు అడిగితే మానేయమన్నారని. వీటిని స్ట్రెస్ మేనేజ్‌మెంట్ కింద ఎవరూ రాయరు. నా లెక్కలో మొట్టమొదట రాయాల్సినవి ఇవే.

ప్రశ్న: యోగా, ధ్యానం పనిచేస్తాయా?

నిద్రకి, ఊపిరికి పనికొస్తాయి. నేనూ పది నిమిషాలు చేస్తాను. జీతాలు రాని వాళ్ళకి ఒత్తిడి తగ్గించుకోవడం ఎలా అని క్లాసు పెట్టి, ఆ క్లాసుకి రాలేదని మెమో ఇవ్వడం మాత్రం నేను కళ్ళారా చూశాను.

ప్రశ్న: నేను సూపరింటెండెంట్‌ని. బడ్జెట్ నా చేతిలో లేదు, పోస్టులు నా చేతిలో లేవు. నేనేం చేయగలను?

అనుకున్నదానికంటే ఎక్కువే. మొదటిది, వారానికి ఒక రోజు సెలవు ఎవరికి ఎప్పుడో పేరుతో సహా రాసి గోడకి అంటించండి. నోటిమాటగా ఇచ్చే సెలవు ఎప్పుడూ అణిగి ఉండేవాళ్ళకే ఎగిరిపోతుంది. చార్టు మీద ఉంటే అడగడానికి వాళ్ళకి ధైర్యం ఉంటుంది.

రెండోది, పిల్ల చనిపోవడమో, పారిపోవడమో, చెడ్డ కేసు రావడమో జరిగితే రెండు రోజుల్లోగా ఒక ఇరవై నిమిషాలు సంబంధించిన వాళ్ళందరితో కూర్చోండి. రిజిస్టర్ తెరవొద్దు. ఎవరిది తప్పు అనే ప్రశ్న ఆ ఇరవై నిమిషాల్లో రానివ్వొద్దు, దానికి వేరే మీటింగ్ ఉంటుంది. వంటమనిషినీ వాచ్‌మన్‌నీ పిలవండి. పిల్లలు చాలాసార్లు కౌన్సిలర్‌కి చెప్పనివి కూరగాయలు తరిగేచోట చెబుతారు. ఆ బరువు మోస్తున్నది ఆవిడే, మీటింగుకి మాత్రం ఎప్పుడూ పిలవం.

వాట్సాప్ గ్రూపు సంగతి. కోవిడ్‌లో అలవాటైపోయింది, రాత్రి పదకొండింటికి "అర్జెంట్, ఫోటోలు పంపండి." నిజంగా అర్జెంట్ అయితే ఫోన్ చేయండి, రాత్రి తొమ్మిది తర్వాత గ్రూపులో ఏమీ పెట్టను అని మీరే ముందు చెప్పండి. ఒక హోములో సూపరింటెండెంట్ ఇలా చేసింది, మొదటి వారం మాత్రం ఆవిడే మూడుసార్లు మర్చిపోయింది. అలాగే ఒకే సమాచారం నాలుగు ఫార్మాట్లలో అడుగుతుంటే, నాలుగూ ఒక షీటులోంచి వచ్చేలా డేటా ఎంట్రీ ఆపరేటర్‌తో ఒక పూట కూర్చుని చేయించండి. మా యూనిట్‌లో ఈ ఒక్క పనితో మిగిలిన టైమ్, ఏడాది పొడవునా పెట్టిన వర్క్‌షాపులకన్నా ఎక్కువ ఉపశమనం ఇచ్చింది.

జీతం మీ చేతిలో లేదు, నిజమే. కానీ ఆలస్యమైతే ప్రతి నెలా రాతపూర్వకంగా పైకి రాసి, ఆ కాపీ సిబ్బందికి చూపించండి. మన గురించి ఒకరు అడుగుతున్నారని తెలియడం తక్కువ విషయం కాదు.

ప్రశ్న: అమ్మమ్మలు, పెద్దమ్మలు పిల్లల్ని చూసుకుంటున్నారు కదా. వాళ్ళకి ఉండదా ఇదంతా?

ఎందుకుండదు. డెబ్బై ఏళ్ళ అమ్మమ్మ తన కూతురు పోయిన దుఃఖంలో ఉండగానే, ఆ కూతురి పిల్లలకి ఆన్‌లైన్ క్లాసు పెట్టాలి. స్మార్ట్‌ఫోన్ లేదు. రాత్రి పిల్లలు ఏడిస్తే తను ఏడవకూడదు. ఇలాంటి కుటుంబాలకి స్పాన్సర్‌షిప్ ఉంది, ముందు నెలకి 2,000 ఉండేది, బాలల పరిరక్షణకి కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకంలో 4,000 చేశారు. బ్యాంకు ఖాతా, బాలల సంక్షేమ సమితి ముందు హాజరు, ఆదాయ ధ్రువపత్రం, ఇవన్నీ ఆవిడే తిరిగి తెచ్చుకోవాలంటే కష్టం. వెళ్ళిన సోషల్ వర్కర్ ఆ కాగితాలు ఒకే రోజు పూర్తిచేయించగలిగితే అదే పెద్ద సాయం. పిల్లల క్షేమం అడిగాక, "మీరు తిన్నారా పెద్దమ్మా" అని కూడా అడగండి. జవాబు పావుగంట ఉంటుంది, కూర్చోవాలి.

ప్రశ్న: వేరే దేశాల్లో కూడా ఇంతేనా?

కష్టం తీరు వేరు, రుచి ఒకటే. అమెరికాలో కేస్‌వర్కర్ నెలకోసారి పిల్లని నేరుగా కలవాలి. 2020 మార్చిలో అక్కడి కేంద్ర ప్రభుత్వ విభాగం ఆ కలవడాన్ని వీడియో కాల్‌లో చేయవచ్చని చెప్పింది. స్పీకర్ ఫోన్ సమస్యే వాళ్ళకీ వచ్చింది, కెమెరాకి అవతల ఎవరు నిలబడ్డారో కనిపించదు. అక్కడ ఈ ఉద్యోగాలు మానేసేవాళ్ళు కోవిడ్‌కి చాలా ముందునుంచే ఎక్కువ. ఏటా నూటికి 30 నుంచి 40 మంది దాకా వెళ్ళిపోతున్నారని, సగటున రెండేళ్ళు కూడా ఉండటం లేదని అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2003లోనే రాసింది. ఒక్కొక్కరికి 12 నుంచి 15 మంది పిల్లలకి మించి ఉండకూడదని అక్కడి బాలల సంక్షేమ సంఘం ఒక ప్రమాణం పెట్టుకుంది. మా యూనిట్‌లో ఆ అంకె చదివి వినిపిస్తే, "ఒక మండలానికా?" అని అడిగారు.

ప్రశ్న: మా ఆవిడ హోములో పనిచేస్తుంది. ఇంటికొచ్చాక మాట్లాడదు. ఏం చేయాలి?

వచ్చిన వెంటనే "ఏమైంది" అని అడగొద్దు. కేసుల వివరాలు ఆవిడ చెప్పకూడదు కూడా, పిల్లల గుర్తింపు బయటపెట్టడం నేరం. మీరు అడిగేకొద్దీ ఆవిడ ఇంకా ముడుచుకుపోతుంది. టీ పెట్టి పక్కన పెట్టండి. పిల్లల హోంవర్క్ ఆ అరగంట మీరు చూసుకోండి. "ఇవాళ బరువుగా ఉందా" అంటే చాలు, ఔను కాదు అని చెప్పగలుగుతుంది. "ఆ పది వేలకి ఇంత అవసరమా, మానెయ్" అనే మాట మాత్రం వద్దు. మీరు ప్రేమతోనే అంటారు. ఆవిడకి, నేను చేసేది పది వేల పనే అని వినిపిస్తుంది.

ప్రశ్న: ఎవరితోనైనా మాట్లాడాలంటే ఎక్కడికి ఫోన్ చేయాలి?

టెలీ మానస్, 14416. ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఇది 2022 అక్టోబరులో వచ్చింది, కోవిడ్ మధ్యలో ఉండుంటే బాగుండేది. పేరు చెప్పకుండా మాట్లాడొచ్చు. పైఆఫీసుకి తెలుస్తుందని భయపడకండి. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం ఒక్కరే ఉండొద్దు, పక్కన ఉన్న ఎవరికైనా ఆ మాట చెప్పేసి, వాళ్ళ ఎదుటే ఫోన్ చేయండి.

ప్రశ్న: మానేద్దామనుకుంటున్నాను. పిల్లల్ని వదిలేసినట్టు అవుతుందా?

అవదు. పిల్లలకి చెప్పకుండా మాయమైతే మాత్రం అవుతుంది. హోము పిల్లలు ఇప్పటికే చాలామంది చెప్పకుండా వెళ్ళిపోవడం చూసినవాళ్ళు. రెండు వారాల ముందు చెప్పండి, ఎందుకో వాళ్ళ వయసుకి తగ్గట్టు చెప్పండి, మీ వల్ల కాదని నొక్కి చెప్పండి. మీ తర్వాత వచ్చే ఆవిడకి ఏ పిల్లకి చీకటంటే భయమో, ఎవరికి పెరుగు పడదో ఒక కాగితం మీద రాసివ్వండి. "మళ్ళీ వస్తాను" అని మాత్రం అనకండి, వచ్చే ఉద్దేశం నిజంగా ఉంటే తప్ప.

ఉండిపోవడం కూడా త్యాగం కానక్కర్లేదు. కొంతమందికి హోము డ్యూటీ నుంచి ఆఫీసు పనికి మారితే సరిపోతుంది, కొంతమందికి మూడు నెలల సెలవు కావాలి. కాంట్రాక్టులో అలాంటి సెలవు లేదు కాబట్టి మానేసి మళ్ళీ చేరడమే దారవుతోంది, అది కూడా ఖాళీ ఉంటేనే.

ప్రశ్న: కోవిడ్ అయిపోయి ఇన్నేళ్ళయింది. ఇంకా దాని గురించే ఎందుకు?

ఆ పిల్లలు ఇంకా ఉన్నారు కాబట్టి. 2021లో ఆరేళ్ళున్న పిల్లకి ఇప్పుడు పదిదాటింది, అమ్మ ఎలా పోయిందని అప్పుడు అడగనిది ఇప్పుడు అడుగుతోంది. వాళ్ళ ఫైళ్ళు నడుస్తూనే ఉన్నాయి, ప్రతి ఏడాదీ బతికున్న సర్టిఫికెట్లు, స్కూల్ సర్టిఫికెట్లు. 1098 కూడా 2023లో ప్రభుత్వం చేతికి వచ్చి అత్యవసర నెంబరు 112తో కలిసింది. ఆ మార్పులో ఏళ్ళ తరబడి ఆ ఫోన్లు ఎత్తిన స్వచ్ఛంద సంస్థల టీముల్లో చాలామంది బయటికెళ్ళిపోయారు. వాళ్ళని ఎలా ఉన్నారని ఎవరూ అడిగిన దాఖలా నాకు కనిపించలేదు.

ప్రశ్న: మీరు ఇంకా ఈ పనిలోనే ఉన్నారా?

ఉన్నాను. మధ్యలో ఎనిమిది నెలలు మానేసి ఒక ట్యూషన్ సెంటర్లో చెప్పాను. పోయిన ఏప్రిల్‌లో ఒక తెలియని నెంబర్ నుంచి ఫోనొచ్చింది. పాలిటెక్నిక్ హాస్టల్ నుంచి, ఎవరో అమ్మాయి. పేరు చెప్పలేదు, "ఆవకాయ పెట్టారా మేడమ్" అంది.